గోల్కొండ చప్పట్లు, దయ్యాల మీటర్లు: పాత కట్టడాల్లో రాత్రి వేటలు నిజంగా ఏం కొలుస్తున్నాయి?

గోల్కొండ కోటకు వెళ్లినవారిని గైడు మొట్టమొదట నిలబెట్టే చోటు బాలాహిసార్ దర్వాజా దగ్గరి గుమ్మటపు మండపం. గుమ్మటం కింద ఒకచోట నిలబడి అతను రెండు చేతులూ గట్టిగా చరుస్తాడు. సుమారు కిలోమీటరు దూరంలో, కొండ కొమ్మున ఉన్న బారాదరి మండపంలో నిలబడ్డవారికి ఆ చప్పట్లు వినబడతాయి. శత్రువు గుమ్మంలోకి వచ్చిన కబురు మనిషి మెట్లెక్కి చెప్పేలోగా పైవారికి చేరాలని చేసిన ఏర్పాటు అది. ఇంకొంచెం లోపలికి వెళ్లాక ఒక మూల గోడకు నోరు ఆనించి గుసగుసలాడితే ఎదురు మూలలో చెవి ఆనించినవారికి మాటలు స్పష్టంగా అందుతాయని కూడా గైడ్లు చేసి చూపిస్తారు. ఇదే కోటలో చీకటి పడ్డాక గజ్జెల సవ్వడి వినబడుతుందని, అది కుతుబ్‌షాహీల కాలపు కళాకారిణి తారామతి ఆత్మ అని చెప్పే వీడియోలకు, కబుర్లకు లెక్కలేదు. శబ్దం ఎక్కడి నుంచి ఎక్కడికి చేరాలో ఆలోచించి మరీ కట్టిన కోట ఇది. ఇక్కడ వినబడ్డ శబ్దాన్ని చనిపోయినవారికి అంటగట్టే ముందు కోటనే అడగవలసిన ప్రశ్నలు చాలా ఉన్నాయి. పారానార్మల్ (అతీత శక్తుల) పరిశోధన పేరుతో పాత భవనాల్లో రాత్రిళ్లు గడిపే ఔత్సాహిక బృందాలు సాధారణంగా వదిలేసేది సరిగ్గా ఆ ప్రశ్నలనే.

ఈ బృందాల్లో చాలావరకు మోసగాళ్లు ఉండరన్న సంగతి ముందే చెప్పుకోవాలి. పగలంతా ఉద్యోగం చేసుకుని వారాంతంలో సొంత ఖర్చుతో పరికరాలు కొనుక్కుని, నిద్ర మానుకుని, పాత గోడల మధ్య కూర్చునే యువకులు, యువతులు వీరు. కుతూహలం నిజమైనది. చనిపోయాక ఏమవుతుందన్న ప్రశ్న మనిషికి ఉన్న ప్రశ్నలన్నిటిలోకీ పాతది, దాన్ని అడిగినందుకు ఎవరినీ వెక్కిరించనక్కరలేదు. అయితే ప్రశ్న ఎంత గొప్పదైనా, దానికి జవాబు వెతికే పద్ధతి ‘లేదు’ అనే జవాబును కూడా చెప్పగలిగేదై ఉండాలి. పరికరం మోగితే దయ్యం ఉన్నట్టు, మోగకపోతే దయ్యం ఆ రాత్రి పలకలేదన్నట్టు అర్థం చెప్పుకుంటే, ఆ పరికరాన్ని అసలు ఆన్ చేయకపోయినా తేడా రాదు.

ఈ వేట పద్ధతి మన నేల మీద పుట్టలేదు. లండన్‌లో దయ్యాల గురించి చర్చించుకునే ఒక క్లబ్బు 1862లో, ఆత్మలకు సంబంధించిన అనుభవాలను క్రమపద్ధతిలో పరిశీలించే సంఘం 1882లో ఏర్పడ్డాయి. ఈ వేటను జనం ముందుకు తెచ్చిన మనిషి హ్యారీ ప్రైస్. 1936 మార్చిలో ఆయన కెంట్ ప్రాంతంలోని ఒక ఇంటి నుంచి బీబీసీ రేడియోలో దయ్యాల అన్వేషణను ప్రత్యక్ష ప్రసారం చేశాడు. మరుసటి ఏడాది ఎసెక్స్‌లోని బోర్లీ రెక్టరీ అనే పాడుబడ్డ ఇంటిని ఏడాదికి అద్దెకు తీసుకుని, పత్రికలో ప్రకటన ఇచ్చి, 48 మంది పరిశీలకులను చేర్చుకుని, ఏం గమనించాలో, ఎలా రాసుకోవాలో చెప్పే చిన్న పుస్తకాన్ని వారి చేతిలో పెట్టాడు. వారిలో చాలామందికి చెప్పుకోదగ్గదేమీ ఎదురుకాలేదు. అయినా ఆ ఇంటికి దయ్యాల ఇల్లన్న పేరు నిలిచిపోయింది. 1939లో అది అగ్నికి ఆహుతయింది, 1944లో కూల్చేశారు. ప్రైస్ సేకరించిన సాక్ష్యాలను అదే పరిశీలక సంఘానికి చెందినవారు 1956లో వెలువడిన నివేదికలో తీవ్రంగా తప్పుపట్టారు. పేరు పాకినంత వేగంగా ఆ నివేదిక పాకలేదు.

ఆ తర్వాత దారి టెలివిజన్‌ది. 2002లో బ్రిటన్‌లో, 2004లో అమెరికాలో మొదలైన ధారావాహిక కార్యక్రమాలు రాత్రి కెమెరా ఆకుపచ్చ వెలుగును, చేతిలో మెరిసే మీటరును, ‘ఎవరైనా ఉన్నారా?’ అన్న ప్రశ్నను ప్రపంచమంతటికీ అలవాటు చేశాయి. మన దేశంలో గౌరవ్ తివారీ 2009లో స్థాపించిన ఇండియన్ పారానార్మల్ సొసైటీ ఆ నమూనాకు గుర్తింపు తెచ్చింది. ఢిల్లీ పర్యాటక శాఖ 2023లో మాల్చా మహల్ వంటి శిథిల కట్టడాల్లో దయ్యాల నడకలు మొదలుపెట్టడంతో సర్కారు ముద్ర కూడా పడింది. హైదరాబాదులో వారసత్వ నడకలకు ఇప్పటికే మంచి ఆదరణ ఉంది. వాటి పక్కన రాత్రి నడకలు చేరడం ఆశ్చర్యపోవలసిన విషయం కాదు.

తెలుగువారికి దయ్యాలు కొత్తవి కావు, కొత్తది వేట. ఊళ్లో దయ్యానికి ఒక పేరు, ఒక చింతచెట్టో పాడుబావో, ఒక కోరిక ఉండేవి. కొరివిదయ్యం పొలిమేరల్లో కనబడేది, బ్రహ్మరాక్షసుడు రావిచెట్టును పట్టుకుని ఉండేవాడు. 1990ల్లో ఇంటింటి తలుపు మీద ‘ఓ స్త్రీ రేపు రా’ అని సుద్దతో రాసుకున్న తరం ఇంకా మన మధ్యే ఉంది. పాతబస్తీలో ఇదే సంగతిని ఆసేబ్ అంటారు, జిన్ అంటారు. దానికి తావీజు ఉంది, దర్గా ఉంది. భూతవైద్యుడు పట్టిన దయ్యాన్ని మూడు ప్రశ్నలు అడుగుతాడు: ఎవరు నువ్వు, ఎందుకు పట్టావు, నీకేం కావాలి? నమ్మినా నమ్మకపోయినా ఆ మూడు ప్రశ్నల్లో ఒక కుటుంబ చరిత్ర, తీరని బాకీ, అవమానపడ్డ ఒక ఆడమనిషి కథ బయటికి వచ్చేవి. నేటి వేట మొదటి ప్రశ్న దగ్గరే ఆగిపోతుంది. ఉన్నావా, ఉంటే దీపం వెలిగించు అంటుంది. వెలిగితే కేక వేసి తర్వాతి గదికి వెళుతుంది.

ఆ దీపం ఎందుకు వెలుగుతుందో దగ్గరగా చూడాలి. బృందాల చేతుల్లో ఎక్కువగా కనబడే ఈఎంఎఫ్ మీటరు విద్యుదయస్కాంత క్షేత్రాన్ని కొలిచే చిన్న పరికరం. ఆకుపచ్చ నుంచి ఎరుపు దాకా ఐదు దీపాలు వరుసగా ఉంటాయి. ఇంట్లో వైర్లు, ఉపకరణాలు ఎంత క్షేత్రాన్ని విడుదల చేస్తున్నాయో తెలుసుకోవడానికి తయారైన వస్తువు ఇది. చవక రకాలు ఒక్క దిశలోనే కొలుస్తాయి కాబట్టి చేతిని కాస్త తిప్పినా అంకె మారుతుంది. దగ్గరలో మొబైల్ ఫోను టవరుతో మాట్లాడినప్పుడల్లా దీపాలు ఎగిరిపడతాయి. పది మంది నడకలో పది జేబుల్లో పది ఫోన్లు ఉంటాయన్న సంగతి ఇక్కడ గుర్తుంచుకోవాలి. పైగా హైదరాబాదు పాత దేవిడీల్లో (నవాబుల భవంతుల్లో), బంగళాల్లో వైరింగు చాలాచోట్ల చెక్క పట్టీల మీద, కాలానికో అతుకు వేస్తూ సాగింది. కరెంటు వెళ్లే తీగ, తిరిగి వచ్చే తీగ పక్కపక్కనే ఉంటే ఒకదాని క్షేత్రాన్ని మరొకటి చాలావరకు రద్దు చేస్తుంది. అవి వేర్వేరు గోడల మీదుగా పోయిన చోట గది మధ్యలో కూడా గట్టి క్షేత్రం ఏర్పడుతుంది. గోడ అవతలి ఇంట్లో నీళ్ల మోటారు ఆన్ అయితే ఇవతల మీటరు ఎర్రబడుతుంది. ఏ ఎలక్ట్రీషియన్‌ను అడిగినా అయిదు నిమిషాల్లో తేల్చగల విషయం ఇది. వేటకు ఎలక్ట్రీషియన్‌ను వెంటబెట్టుకు వెళ్లే అలవాటు మాత్రం లేదు.

చలి తగిలిన చోటును గుర్తించేందుకు వాడే లేజరు థర్మామీటరుది మరో రకం పొరపాటు. అది ఎదురుగా ఉన్న గోడ ఉపరితలపు వేడిని కొలుస్తుంది, మధ్యలో ఉన్న గాలిని కాదు. గది నడుమ ‘చల్లని ఉనికి’ ఉందని దాన్ని గురిపెడితే తెలిసేది అవతలి గోడ సంగతే. ఫొటోల్లో తేలే తెల్లని గుండ్రటి చుక్కలు కెమెరా కంటికి అతి దగ్గరలో ఫ్లాష్ వెలుగు పడ్డ ధూళి రేణువులు. దృష్టి కుదరని రేణువు బిళ్లలా విచ్చుకుంటుంది. సున్నం రాలే గదిలో అవి ఎన్నైనా దొరుకుతాయి. ఇటీవల బృందాలు మోసుకొస్తున్న మరో యంత్రం ఖాళీ కుర్చీలో పుల్లలతో గీసిన మనిషి బొమ్మను చూపిస్తుంది. 2010లో వీడియో గేముల కోసం వచ్చిన కినెక్ట్ కెమెరా దాని లోపల ఉంటుంది. ఎదురుగా ఆటగాడు ఉంటాడన్న ఊహతోనే రాసిన ప్రోగ్రాం అది. పరారుణ చుక్కలను గది మీద చల్లి, తిరిగి వచ్చిన వాటిలో తల, భుజాలు, మోకాళ్లు ఎక్కడున్నాయో వెతుకుతుంది. విరిగిన స్తంభం, వేలాడే పరదా చూపినా కీళ్లు అతికించే ప్రయత్నమే చేస్తుంది. మనిషిని వెతకమని చెప్పిన యంత్రం మనిషిని చూపించింది, అంతే.

అన్నిటికన్నా ఎక్కువమందిని కదిలించేది గొంతు. 1959లో స్వీడన్‌లో ఫ్రీడ్రిక్ యూర్గెన్సన్ పక్షుల పాటలు రికార్డు చేస్తుండగా టేపులో మనుషుల మాటలు వినబడ్డాయని చెప్పడంతో మొదలైన ఈ ఒరవడిని కాన్‌స్టాంటిన్ రౌడివ్ వేల రికార్డింగులతో పెంచాడు. నేటి బృందం చేసేదీ అదే. రికార్డరును నేల మీద పెట్టి, దీపాలార్పి, ఒక ప్రశ్న అడిగి, కాసేపు మౌనంగా ఉంటారు. ఆ మౌనంలో ఎవరో కాలు మారుస్తారు. ఎవరి కడుపులోనో ఆకలి గుడగుడ. దూరాన మెహదీపట్నం రోడ్డు మీద లారీ గేరు మారుస్తుంది. చౌక రికార్డరు నిశ్శబ్దం ఎదురైతే తనంతట తానే శబ్దాన్ని పెంచుకుంటుంది, ఫైలును కుదించేటప్పుడు హోరులో లేని అంచులను పుట్టిస్తుంది. మరునాడు హెడ్‌ఫోన్లు పెట్టుకుని ఆ రెండు సెకన్ల ముక్కను ఇరవైసార్లు వింటే హోరు మాటగా మారుతుంది. మబ్బుల్లో ముఖాలను చూసే మెదడే హోరులో మాటలనూ వింటుంది.

స్పిరిట్ బాక్స్ అనే పరికరం ఇంకా సూటిగా పనిచేస్తుంది. 2002లో అమెరికాలో ఫ్రాంక్ సంప్షన్ తయారు చేసిన పెట్టె దీనికి మూలం. రేడియో స్టేషన్ల మీదుగా ఆగకుండా పరుగెత్తుతూ ఒక్కో స్టేషను నుంచి ఒక్కో తునక వినిపిస్తుంది. హైదరాబాదు ఎఫ్ఎంలో ఆ తునకలు తెలుగులో, హిందీలో, ఉర్దూలో వచ్చిపడతాయి. తెలుగు ఇక్కడ ప్రత్యేకంగా దొరికిపోయే భాష. మన మాటలు చాలావరకు అచ్చుతో ముగుస్తాయి, ఒక్క అక్షరమే పూర్తి మాటగా నిలవగలదు: రా, పో, తే, నీ, మా, ఏ. ‘నువ్వు ఇక్కడే ఉన్నావా?’ అని అడిగాక మందుల ప్రకటనలోంచి ఊడిపడ్డ ‘పో’ అన్న శబ్దం చీకట్లో కూర్చున్న పదిమంది ఒంటి మీదా వెంట్రుకలు నిక్కబొడుచుకునేలా చేస్తుంది. అంతలో బృంద నాయకుడు ‘వెళ్లిపో అంటోంది’ అని చెబుతాడు. ఆ క్షణం నుంచి అందరికీ అదే వినబడుతుంది. దీన్ని పరీక్షించడం చాలా తేలిక. నడకలో లేని అయిదుగురికి, ఎక్కడ రికార్డు చేశారో చెప్పకుండా, ఆ ముక్కను వినిపించి విన్నది విడివిడిగా రాయమనాలి. అయిదు కాగితాల మీదా ఒకే మాట కనబడితే ఆలోచించవలసిన విషయం ఉన్నట్టే. ఈ చిన్న పని చేయకుండా వీడియో కింద పెద్ద అక్షరాలతో మాటను ముందే రాసి చూపించడం శ్రోత చెవిని తీసేసుకోవడమే.

పరికరాలు తప్పు కొలుస్తున్నాయంటే అనుభవాలు అబద్ధమని అర్థం కాదు. ఈ రెండిటినీ కలిపేసి మాట్లాడడం హేతువాదం పేరుతో తరచూ జరిగే అన్యాయం. పాత కట్టడంలో ఒక మలుపు దగ్గర ఒళ్లు జలదరించిందని చెప్పే మనిషికి నిజంగానే జలదరించింది. మనస్తత్వవేత్త రిచర్డ్ వైజ్‌మన్, ఆయన సహచరులు లండన్ దగ్గరి హాంప్టన్ కోర్టు రాజభవనంలోను, ఎడిన్‌బరోలో వంతెన కింది నేలమాళిగల్లోను సందర్శకుల అనుభవాలను సేకరించి 2003లో ఫలితాలు ప్రకటించారు. వింత అనుభవాలు ఎక్కడపడితే అక్కడ కాక కొన్ని చోట్లే పోగుపడ్డాయి. ఆ చోట్లకు వెలుతురు, గది పరిమాణం వంటి లక్షణాలతో సంబంధం కనబడింది. అంటే చోటు మనిషి మీద పనిచేస్తోంది. అయితే మాట అంతకన్నా బలంగా పనిచేస్తుంది. 1997లో లాంజ్, హూరన్ అనే పరిశోధకులు మూతపడ్డ ఒక థియేటరులోకి 22 మందిని పంపారు. కొందరికి అక్కడ దయ్యాలున్నాయన్నారు, మిగిలినవారికి మరమ్మతులు జరుగుతున్నాయన్నారు. దయ్యాల మాట విన్నవారే వింత అనుభవాలను ఎక్కువగా చెప్పారు. గుమ్మంలో నిలబెట్టి అరగంట కథ చెప్పాక లోపలికి తీసుకువెళ్లే ప్రతి రాత్రి నడకా ఈ ప్రయోగాన్నే, పోల్చి చూసే రెండో గుంపు లేకుండా, మళ్లీ మళ్లీ చేస్తోంది.

చెవికి అందని తక్కువ పౌనఃపున్యపు కంపనం వింత అనుభూతులు కలిగిస్తుందని బృందాలు చెప్పేది విక్ టాండీ 1998 నాటి వ్యాసం నుంచి వచ్చింది. కోవెంట్రీలో తాను పనిచేసే గదిలో బూడిదరంగు ఆకారం కనబడ్డాక, కొత్తగా బిగించిన ఫ్యాను 19 హెర్ట్జ్ దగ్గర (సెకనుకు 19 సార్లు) గదిని కంపింపజేస్తోందని ఆయన కనుక్కున్నాడు. చక్కని పరిశీలన అది. తర్వాత లండన్‌లో క్రిస్టఫర్ ఫ్రెంచ్ బృందం కంపనాలను, అయస్కాంత క్షేత్రాలను కావాలని పుట్టించే గదిని కట్టి 79 మందిని అందులో తిప్పింది. 2009లో ప్రకటించిన ఆ ఫలితాల్లో వింత అనుభూతులు చాలామందికి కలిగాయి గాని వాటికి కంపనం ఉండడం లేకపోవడంతో పొంతన కుదరలేదు; సూచనకు లోనయ్యే స్వభావంతోనే పొత్తు కుదిరింది. టాండీ వివరణ ప్రతి భవనానికీ అతుకుతుందని చెప్పడం కూడా తొందరపాటే. ఇంకో పాత ఉదాహరణ ప్రాణాలకు సంబంధించినది. 1921లో అమెరికా వైద్య పత్రికలో విల్మర్ అనే నేత్రవైద్యుడు, ఇంట్లో అడుగుల చప్పుళ్లు వింటూ, ఆకారాలు చూస్తూ కుంగిపోయిన ఒక కుటుంబం గురించి రాశాడు. కారణం పొయ్యి నుంచి లీకైన కార్బన్ మోనాక్సైడ్. గాలి ఆడని గదిలో బొగ్గుల కుంపటి, జనరేటరు పొగ ఉన్న చోట ఈ ప్రమాదం ఇక్కడా అంతే. అటువంటి ఇంటికి కావలసింది కిటికీలు తెరిచే మనిషి.

ఇక కట్టడం సంగతి. హైదరాబాదు పాత గోడలు గ్రానైటు, ఇటుక, డంగు సున్నంతో కట్టినవి. గానుగలో నూరిన సున్నానికి బెల్లం, కరక్కాయ నీళ్లు చేర్చి పూసిన గచ్చు సిమెంటులా బిగుసుకుపోదు, తేమను పీల్చుకుంటూ వదులుతూ ఉంటుంది. మే నెలలో పగలు నలభై డిగ్రీలు దాటిన వేడిని మూడడుగుల గోడ దాచుకుని రాత్రంతా నెమ్మదిగా వదులుతుంది. టేకు దూలాలు, ఇనుప గర్డర్లు, మిద్దె రేకులు ఒక్కోటి ఒక్కో వేగంతో చల్లారి ముడుచుకుంటాయి. పదకొండు గంటలకు పైకప్పులో పటుక్కుమన్నది ఆ ముడుచుకోవడమే. మెట్ల బావిలా నిలువుగా ఉన్న చోట చల్లగాలి బరువుగా కిందికి జారి చీలమండలకు తగులుతుంది. అటకల్లో మానుపిల్లి నడిస్తే మనిషి అడుగులాగే ఉంటుంది. తెల్ల గుడ్లగూబ రెక్కల చప్పుడు లేకుండా వెళుతూ వేసే కేక మనిషి గొంతులాగే ఉంటుంది. గోల్కొండ చీకటి గదుల్లో గబ్బిలాలు పగలే కనబడతాయి. 2019 మే ఒకటో తారీఖు రాత్రి చార్మినార్ మినారుకున్న గచ్చుపని ముక్క ఊడి కిందపడింది. చార్మినార్ కాబట్టి దేశమంతా చూసింది. తాళం వేసిన దేవిడీలో అదే జరిగితే పక్కింటివారికి ఒక చప్పుడు, మరునాటికి ఒక కథ మిగులుతాయి.

ఈ చప్పుళ్లన్నీ తెలిసిన మనిషి దాదాపు ప్రతి పాత కట్టడానికీ ఒకడుంటాడు, వాచ్‌మన్. ఏ తలుపు ఏ గాలికి కొట్టుకుంటుందో, ఏ నెలలో పిల్లులు పసిపిల్లల్లా ఏడుస్తాయో, అవతలి మసీదు మైకు ఎప్పుడు ఆన్ అవుతుందో అతనికి తెలుసు. బృందాలు అతన్ని పలకరించేది దయ్యం కథ చెప్పించడానికి. సందర్శకుడికి ఏం కావాలో అతనికీ తెలుసు కాబట్టి ఆ కథే చెబుతాడు. అతన్ని కూర్చోబెట్టి గంట గంటకూ వినబడేవాటి జాబితా రాసుకుంటే ఏ మీటరూ ఇవ్వలేని ఆధారం దొరుకుతుంది. ఆ జాబితాలో లేనిది వినబడినప్పుడే వెతుకులాట మొదలవ్వాలి.

అనుమతుల విషయంలో ఒక అపోహ బాగా పాతుకుపోయింది. రాజస్థాన్‌లోని భాన్‌గఢ్ కోట దగ్గర సూర్యాస్తమయం తర్వాత ప్రవేశం నిషిద్ధమని పురావస్తు శాఖ పెట్టిన బోర్డును దయ్యాలకు ప్రభుత్వమే ఇచ్చిన ధ్రువపత్రంలా చూపిస్తుంటారు. కేంద్ర రక్షిత కట్టడాలు మామూలుగా సూర్యోదయం నుంచి సూర్యాస్తమయం దాకానే తెరిచి ఉండాలన్నది నియమం. గోల్కొండకూ చార్మినార్‌కూ వర్తించే చట్టం అదే. 1958 నాటి ఆ చట్టానికి 2010లో చేసిన సవరణ ప్రకారం రక్షిత కట్టడానికి హాని చేస్తే రెండేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ పడవచ్చు. రాష్ట్ర పరిధిలోని కట్టడాలకు 2017లో తెలంగాణ వారసత్వ చట్టం వచ్చింది. ప్రైవేటు బంగళా గోడ దూకడం ఎలాగూ అక్రమ ప్రవేశమే. చట్టం సరే, అసలు గాయం రాతికి తగులుతుంది. చీకట్లో తడుముకునే చెయ్యి శిథిలమైన గచ్చును రాలుస్తుంది, కొవ్వొత్తి మసి మూడు వందల ఏళ్ల పూతను నల్లబరుస్తుంది, వీడియోలో చూసి వచ్చిన రెండో గుంపు గోడ మీద పేర్లు చెక్కుతుంది. పాడుబడ్డ మిద్దెలు కాలు పెడితే కుంగుతాయి, పాములు ఉంటాయి, గబ్బిలాల రెట్టలో ఊపిరితిత్తులకు హాని చేసే బూజు పెరగవచ్చు. నగరంలో ఒక మామూలు ఇంటికి దయ్యాల ఇల్లని పేరుపడితే పక్కింటివారి నిద్రలు, ఆ ఇంటి వారసుల ఆస్తి విలువ, అక్కడ జరిగిన విషాదంలో మిగిలినవారి మనశ్శాంతి అన్నీ పోతాయి. ఆ నష్టానికి ఎవరూ జవాబుదారీ వహించరు. తెలంగాణ పల్లెల్లో బాణామతి చేశారన్న అనుమానం మీద మనుషులను చంపిన ఉదంతాలు ఉన్నాయి. అతీత శక్తుల గురించి ఇక్కడ చెప్పే మాట కాలక్షేపంగా మాత్రమే ఉండిపోదన్న ఎరుక నడకలు నిర్వహించేవారికి అవసరం.

చరిత్రకు జరిగే అన్యాయం ఇంకా లోతైనది. దయ్యం కథకు ఎప్పుడూ ఒక పేరులేని తెల్లచీర కావాలి. పేరున్న మనుషులు ఆ కథలో ఇమడరు. తారామతినే తీసుకుంటే, ఆమెకు, పేమామతికి కుతుబ్‌షాహీ సుల్తానుల సమాధుల ప్రాంగణంలోనే సమాధులు ఉన్నాయి. రాజవంశీకుల పక్కన కళాకారిణులకు చోటు దొరకడం ఆ కాలపు గోల్కొండ గురించి చాలా చెబుతుంది. అబ్దుల్లా కుతుబ్‌షా కొలువులో సంగీతనాట్యాల స్థానం గురించి, ఆ స్త్రీలు పొందిన గౌరవం గురించి, దానికి ఉన్న హద్దుల గురించి మాట్లాడుకోవలసిన చోట గజ్జెల చప్పుడు వినబడిందా లేదా అన్న పందెం మిగులుతోంది.

కోఠీలోని రెసిడెన్సీ భవనం మరో ఉదాహరణ. 1803 ప్రాంతంలో, నిజాం కొలువులో బ్రిటిష్ ప్రతినిధి అయిన జేమ్స్ అకిలీజ్ కిర్క్‌పాట్రిక్ కాలంలో మొదలైన ఈ కట్టడం 1949లో మహిళా కళాశాలకు నెలవైంది. కిర్క్‌పాట్రిక్‌ను పెళ్లాడిన ఖైరున్నిసా బేగం ఇద్దరు పిల్లలూ 1805లో ఓడెక్కి ఇంగ్లండు వెళ్లారు. అదే ఏడాది భర్త కలకత్తాలో చనిపోయాడు. ఆమె పిల్లలను మళ్లీ చూడకుండానే 1813లో కన్నుమూసింది. 1857 జులై 17న తుర్రెబాజ్ ఖాన్, మౌల్వీ అల్లాఉద్దీన్ నాయకత్వంలో జనం దాడి చేసింది ఈ రెసిడెన్సీ మీదనే. ఆ గోడల మధ్య నిలబడిన మనిషికి చెప్పడానికి ఇంత ఉండగా మీటరు దీపం వైపు చూడమనడం ఆ స్త్రీకీ, ఆ తిరుగుబాటుదారులకూ అన్యాయమే.

రెసిడెన్సీకి కాస్త దూరంలో మూసీ ఒడ్డున ఉస్మానియా ఆసుపత్రి పాత భవనం ఉంది. 2020 జులైలో వాననీళ్లు వార్డుల్లోకి వచ్చాక దాన్ని ఖాళీ చేశారు. ఖాళీ ఆసుపత్రి అనగానే దయ్యాల కథలు అల్లేందుకు మనసు ఉబలాటపడుతుంది. ఆ ఆవరణలోనే ఒక చింతచెట్టు ఉంది. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి నగరాన్ని ముంచినప్పుడు సుమారు 150 మంది ఆ చెట్టు కొమ్మలు పట్టుకుని బతికారు. ఆ వరదలో పోయినవారు పదిహేను వేల దాకా ఉంటారని అంచనా. రుబాయీలు రాసిన ఉర్దూ కవి అమ్జద్ హైదరాబాదీ ఆ నీళ్లలోనే తల్లిని, భార్యను, కూతురిని పోగొట్టుకున్నాడు. తెలుగువారి కథల్లో దయ్యం ఎక్కువగా కాపురముండేది చింతచెట్టు మీదే. ఈ చింతచెట్టు మీద ఆ రాత్రి ఉన్నవారు బతికున్న మనుషులు. ఏటా ఆ తేదీన కొద్దిమంది చెట్టు కింద చేరి చనిపోయినవారిని తలుచుకుంటారు.

హైదరాబాదులో రాత్రి నడకలు వద్దనడం ఈ వాదన ఉద్దేశం కాదు. రాత్రి పూట పాత కట్టడం పగటి కన్నా ఎక్కువ చెబుతుంది, చెవులు తెరుచుకుంటాయి, జనం తక్కువగా ఉంటారు. అనుమతి ఉన్న చోట, పదిహేను మందికి మించకుండా, భవనం సంగతి తెలిసిన ఇంజినీరును, వాచ్‌మన్‌ను వెంటబెట్టుకుని చేసే నడకకు టికెట్టు పెట్టడంలో తప్పులేదు, ఆ డబ్బులో కొంత ఆ గోడ మరమ్మతుకు చేరాలి. కథ ముందు చెప్పకూడదు. ఫోన్లు గేటు దగ్గర ఆపేయాలి. ఎవరికి ఏ మూల ఏమనిపించిందో ఒకరితో ఒకరు మాట్లాడుకోకముందే రాసి ఇవ్వాలి, ఆ తర్వాతే చరిత్ర చెప్పాలి. రికార్డర్లు పెట్టదలిస్తే ఒకటి కింది మండపంలో, ఒకటి పైన బారాదరిలో పెట్టి రెండు గడియారాలూ ఒకటి చేయాలి. దూరం కిలోమీటరైతే కింది చప్పట్లు పైకి చేరడానికి దాదాపు మూడు సెకన్లు పడుతుంది. పై రికార్డరులో అంతుచిక్కని గుసగుస దొరికితే కింది దాంట్లో మూడు సెకన్లు వెనక్కి వెళ్లి వినాలి. ఏమీ వినబడని రాత్రుల ఫైళ్లను కూడా తేదీ, వాతావరణం, హాజరైనవారి సంఖ్యతో సహా వీడియోల పక్కనే అందరికీ అందుబాటులో ఉంచాలి. బోర్లీలో 48 మంది రాసిన కాగితాల్లో కూడా ఇటువంటి రాత్రులే ఎక్కువ.